పుట్టింటికి వెళ్లిన కారు

రెడింగ్ నుంచి అబింగ్‌డన్‌కి నలభై కిలోమీటర్లు. ఏ కారులో వెళ్లినా గంట ప్రయాణం. మాకు మాత్రం ఆరేళ్లు పట్టింది!

రెడింగ్ అంటే ఇంగ్లండ్‌లో లండన్‌కి పడమరగా ఉన్న ఊరు. కంప్యూటర్ ఉద్యోగాల పుణ్యమా అని మన తెలుగువాళ్లు బాగానే కనిపిస్తారు. ఆరేళ్ల క్రితం వేసవిలో పక్కనే ఉన్న ఓ పల్లెలో పాత కార్ల తిరునాళ్లు జరుగుతోందంటే పిల్లని తీసుకుని వెళ్లాం. ఇక్కడ నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, ఎక్కడో ఒకచోట ఇలాంటివి పెడుతూనే ఉంటారు. కార్ల యజమానులు బానెట్లు ఎత్తిపెట్టి, మడత కుర్చీల్లో కూర్చుని తీరిగ్గా టీ తాగుతుంటారు. మా అమ్మాయికి ఐస్‌క్రీమ్ కొనిచ్చి, ఓ ఎర్ర రంగు స్పోర్ట్స్ కారు దగ్గర ఆగాను. టాపు లేని రెండు సీట్ల బండి. బానెట్‌లోకి తొంగిచూశానో లేదో, ప్రాణం విజయవాడ ఆటోనగర్‌లో వాలిపోయింది.

పైన రెండు నట్లతో బిగించిన రేకు మూత. కుడివైపు వరసగా నాలుగు ప్లగ్గులు. ఎడమవైపు కార్బురేటర్లు, పొగగొట్టం. ఇది మన అంబాసిడర్ ఇంజను కదా!

అచ్చంగా అదే కాదు, దగ్గరి చుట్టం. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బీ సిరీస్' ఇంజను అది. 1489 సీసీ రూపంలో 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారులోనూ ఉంది, మన అంబాసిడర్‌లోనూ ఉంది. దాన్నే 1798 సీసీకి పెంచి 1962లో ఎంజీబీ అనే కారుకి పెట్టారు. నేను తొంగిచూసింది దాన్నే. ఒకటి స్కార్ఫు కట్టుకున్న కుర్రాళ్లని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లింది. ఇంకోటి పెళ్లివారిని పదిమందిని కుక్కుకుని గుడివాడ వెళ్లింది. అంతే తేడా.

నా చిన్నతనంలో ప్రతి వేసవి సెలవులూ బాబాయ్ షెడ్డులోనే గడిచాయి. ఆటోనగర్‌లో అంబాసిడర్లకి ఆయన పేరున్న మేస్త్రీ. పానాలు అందించడం, గ్రీజు తుడవడం నా డ్యూటీ. సాయంత్రానికి గోలీసోడా నా జీతం. 2014లో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఉన్నవాటిని కూడా జనం వదిలించుకుంటూ వచ్చారు. ఓ రోజు బాబాయ్ కూడా షెడ్డు ఖాళీ చేసి కూతురి దగ్గరికి చేరాడు. డెబ్భై ఎనిమిదేళ్లు. బళ్ల గురించి ఆయన్ని అడిగేవాళ్లు ఇప్పుడెవరూ లేరు.

ఆ తిరునాళ్ల నుంచి వచ్చిన రెండు నెలలకి నేనూ ఓ ఎంజీబీ కొన్నాను. 1966లో తయారైంది. 2,800 పౌండ్లు. 'కొంచెం పని ఉంది, అంతే' అన్నాడు అమ్మినాయన. ఆ కొంచెం ఎంతో అప్పుడు నేను అడగలేదు. ముగ్గురున్న సంసారానికి రెండు సీట్ల కారేమిటని మా ఆవిడ అడిగింది. నలభై ఏళ్లు దాటిన కార్లకి ఇక్కడ రోడ్డు పన్ను లేదు. నా దగ్గరున్న వాదన అదొక్కటే!

అయస్కాంతం చెప్పిన నిజం

పాత బండి కొనేటప్పుడు జేబులో అయస్కాంతం ఉండాలని ఆటోనగర్‌లో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నేను కొన్నాక తీశాను. బానెట్ మీద పెడితే టక్కున అతుక్కుంది. తలుపు కింద పెడితే జారి కిందపడింది. రేకు ఉండాల్సిన చోట లప్పం ఉంది. లప్పం గీకితే ఇనుప జల్లెడ. జల్లెడ లాగితే, ఉండలు చుట్టి కుక్కిన పాత న్యూస్‌పేపర్లు! పైన మాత్రం నిగనిగలాడే ఎర్ర రంగు.

ఈ కారు సంగతి కొంచెం చెప్పాలి. అంతకుముందు ఎంజీఏకి కింద విడిగా చాసిస్ ఉండేది, దానిమీద బాడీ కూర్చునేది. ఎంజీబీకి అలా కాదు. బాడీయే చాసిస్. అందులోనూ టాపు లేని కారు కాబట్టి పైనుంచి పట్టి ఉంచేది ఏదీ లేదు. తలుపుల కింద అటూ ఇటూ రేకు పెట్టెల్లాంటివి ఉంటాయి. సిల్స్ అంటారు. ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ కలిపి ఉంచేది ముఖ్యంగా అవే. అవి పోతే కారు నడుము విరిగినట్టే. వాటిల్లోకి వాననీళ్లు, చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు చేరి లోపల్నుంచి తినేస్తాయి. బయటికి తెలిసేసరికి లోపల ఏమీ మిగలదు. మా కారుకి రెండువైపులా అంతే. జాకీ పెట్టి ఎత్తబోతే కారు లేవలేదు, జాకీయే కారులోకి వెళ్లింది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఎంజీబీ అభిమానులకి ఓ వరం ఉంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ పాత అచ్చులన్నీ సేకరించి, బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ 1988లో కొత్త ఎంజీబీ బాడీలు తయారుచేయడం మొదలుపెట్టింది. పాత కారుకి కొత్త ఒళ్లు! వాళ్ల వర్క్‌షాపు ఆక్స్‌ఫర్డ్‌కి పడమరగా విట్నీలో ఉంది. ఒకప్పుడు ఉన్ని కంబళ్లకి పేరుపడ్డ ఊరది. మేమూ వెళ్లి చూశాం. తుప్పంటే ఎరగని, ఇంకా రంగు పడని బాడీని చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. మన ఇంజను, మన సీట్లు, మన చక్రాలు దానికి బిగించుకోవడమే. పాత బాడీ తుక్కులోకి పోతుంది.

ఇంటికొచ్చి బాబాయ్‌కి ఫోన్ చేశాను. అంతా విని, 'అడుగుపోయిన బిందెకి మాటు వేయిస్తాంగానీ బిందె పారేస్తామట్రా?' అన్నాడు.

'బిందె కాదు బాబాయ్, అడుగూ లేదు, పక్కలూ లేవు, మూతొక్కటే మిగిలింది' అన్నాను.

'మూత మిగిలిందిగా' అన్నాడు.

ఇంజనీరుగా ఆలోచిస్తే కొత్త బాడీయే తెలివైన పని. ఇప్పటికీ అదే అంటాను. మాతోపాటే పని మొదలుపెట్టి కొత్త బాడీ వేయించుకున్న ఒకాయన పద్నాలుగు నెలల్లో కారెక్కి స్కాట్లండ్ తిరిగొచ్చాడు. నేను మాత్రం మాటు వేయడానికే దిగాను. కాలేజీలో పది వారాల సాయంత్రం క్లాసుకి వెళ్లి వెల్డింగ్ నేర్చుకున్నాను. మొదట్లో రేకుకి రేకు అతికేది కాదు, దోసె మధ్యలో మాడి చిల్లుపడ్డట్టు పడేది. కాస్త చేయి తిరిగాక తలుపులు ఊడదీసి, ఆ ఖాళీలో ఇనుప కడ్డీలు అడ్డంగా బిగించాను. అలా బిగించకుండా సిల్స్ కోస్తే బాడీ మధ్యకి కుంగిపోయి, ఇక తలుపులు జన్మలో పట్టవు. రోజుకి జానెడు కోయడం, జానెడు అతకడం. అంతా అయ్యాక తలుపు బిగిస్తే ఎడమవైపు సందు కుడివైపు కన్నా కొంచెం ఎక్కువొచ్చింది. మూడుసార్లు విప్పి బిగించాను. మారలేదు.

ఆ పనిలోనే ఒక మంచి సంగతి బయటపడింది. డాష్‌బోర్డు ఊడదీస్తే వెనక రేకు మీద లేత నీలం రంగు కనిపించింది! గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో పాత ఫ్యాక్టరీ రికార్డులు ఉంటాయి. చాసిస్ నంబరు రాసి, రుసుము కడితే సర్టిఫికెట్ పంపిస్తారు. మా కారు ఏ రోజు తయారైందో, ఏ రంగులో బయటికొచ్చిందో అందులో ఉంది. 'ఐరిస్ బ్లూ'. అమ్మినాయనకి కూడా తెలియని సంగతి. ఇక ఎర్ర రంగు వేసే ప్రశ్నే లేదు.

దెబ్బలూ తిన్నాం. ఆ కాలపు ఎంజీబీకి సీట్ల వెనక ఆరు వోల్టుల బ్యాటరీలు రెండు ఉంటాయి. పైగా ఇప్పటి కార్లలా నెగటివ్ కాదు, పాజిటివ్ వైరు బాడీకి కలపాలి. పుస్తకంలో పెద్దక్షరాలతో ఉంది. చదివాను కూడా. అయినా అలవాటు ప్రకారం తిరగేసి పెట్టాను. 1960ల నాటి రేడియో ఓ నిట్టూర్పు విడిచి, కాస్త పొగ వదిలి కన్నుమూసింది. తీగల చక్రాలతో ఇంకో పాఠం. నడిమి పెద్ద నట్టుని సుత్తితో కొట్టి బిగించాలి. ఎడమ చక్రాలదో రకం మర, కుడి చక్రాలదో రకం. కారు పరిగెత్తే కొద్దీ ఆ నట్లు బిగుసుకునేట్టు అలా ఏర్పాటు చేశారు. ఇరుసులు అటుదిటు బిగిస్తే మాత్రం పరిగెత్తే కొద్దీ ఊడతాయి. ఇది అదృష్టవశాత్తూ ముందే కనిపెట్టాను.

మూడో ఏడు చివర్లో విసుగొచ్చింది. బిల్లులు పద్నాలుగు వేల పౌండ్లు దాటాక లెక్క రాయడం మానేశాను. గ్యారేజీలో సగం కారు, భోజనాల బల్ల మీద కార్బురేటర్లు. 'ఈ ఇంట్లో అట్లపెనానికి చోటు లేదుగానీ...' అని మా ఆవిడ మొదలుపెడితే ఆపడం నా వల్ల అయ్యేది కాదు. గ్యారేజీకి తాళం వేశాను. ఎనిమిది నెలలు తీయలేదు.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం బాబాయ్ ఫోన్ చేసి 'ఎందాకా వచ్చింది?' అని అడిగేవాడు. మొదట్లో ఏదో ఒకటి చెప్పేవాణ్ని. తర్వాత ఎత్తడం తగ్గించాను. ఓ రోజు మా చెల్లెలు చేసింది. 'అన్నయ్యా, ఆదివారం వస్తే నాన్న పొద్దున్నే స్నానం చేసి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుంటున్నాడు. అటక మీంచి పానాల పెట్టె దింపించుకుని అన్నిటికీ నూనె రాశాడు. నువ్వు అడుగుతావని పాత లెక్కలన్నీ నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాడు' అంది.

ఆ సాయంత్రమే తాళం తీశాను. ఇంకో రెండు నెలలకి, ఊరెళ్లొచ్చిన స్నేహితుడి సూట్‌కేసులో ఆవకాయ డబ్బాల మధ్య బాబాయ్ పానాల సెట్టు వచ్చింది. అంబాసిడర్‌దీ అంగుళాల లెక్కే, ఎంజీబీదీ అంగుళాల లెక్కే. ఒక్కటీ వృథా కాలేదు.

తొమ్మిది లెక్క

ఇంజనుకి ఎనిమిది వాల్వులు. ఒక్కోదానికీ పైన కొద్దిగా ఖాళీ ఉండాలి. ఎంజీబీకి అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను. ఆ ఖాళీ సరిచేయడమే ట్యాపెట్ సెట్టింగ్. వాల్వు పూర్తిగా మూసుకున్నప్పుడే కొలవాలి. మరి మూసుకుందని తెలిసేదెలా? బాబాయ్ నోట్‌బుక్కులో మొదటి పేజీ అదే. 'తొమ్మిది లెక్క. ఎనిమిదోది పూర్తిగా కిందికి దిగితే ఒకటోది సర్దు. ఆరోది దిగితే మూడోది. ఏ రెండు కలిపినా తొమ్మిది రావాలి.' ఎంజీబీ పుస్తకం తెరిస్తే అందులోనూ సరిగ్గా అదే పట్టిక! ఆయన ఇంగ్లిష్ మాన్యువల్ ఎన్నడూ చదవలేదు. ఆయనకి నేర్పిన మేస్త్రీ కూడా చదివి ఉండడు.

ఐదో ఏడు శీతాకాలంలో ఇంజను మొదటిసారి అంటుకుంది. ఇల్లంతా పొగ. మా అమ్మాయి గెంతింది. మా ఆవిడ కిటికీలు మూసింది. కానీ ఇంజను కుంటుతోంది. నాలుగు దెబ్బల్లో ఒకటి తప్పుతోంది. ప్లగ్గులు మార్చాను, వైర్లు మార్చాను, కార్బురేటర్లు విప్పి కడిగాను. లాభం లేదు.

వీడియో కాల్‌లో బాబాయ్‌కి చూపించాను. ఒకప్పుడు షెడ్డు ముందు బండి ఆగకముందే చప్పుడు విని రోగం చెప్పేసే మనిషి. 'ఏదీ, ఇంకోసారి వినిపించు' అన్నాడు. ఫోన్ ఇంజను దగ్గర పెట్టాను. ఇంకోసారి అన్నాడు. మళ్లీ పెట్టాను. ముఖంలో ఏమీ కదల్లేదు. అప్పుడు తట్టింది నాకు, ఆయనకి వినిపించడం లేదని. పక్కనుంచి మా చెల్లెలు మెల్లగా, 'ఏడాదిగా చెవులు బాగా తగ్గాయి అన్నయ్యా, ఎవరికీ చెప్పొద్దన్నాడు' అంది.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆయనే, 'న్యూస్‌పేపర్ ముక్క ఉందా? సైలెన్సర్ గొట్టం మూతి దగ్గర పట్టుకోమను పిల్లని. ఫోన్ అటు తిప్పు' అన్నాడు. మా అమ్మాయి కాగితం పట్టుకుంది. పొగ కొట్టే గాలికి కాగితం బయటికి టపటపలాడింది. అంతలో ఓ క్షణం చటుక్కున గొట్టంలోకి పీల్చుకుంది. మళ్లీ టపటప. మళ్లీ పీల్పు.

'అదీ! వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదు. పొగ వాల్వే. ట్యాపెట్ బిగిసిపోయింది చూడు' అన్నాడు, చెవులతో పని లేకుండానే.

మూత తీసి కొలిస్తే నాలుగో వాల్వు దగ్గర ఫీలర్ గేజ్ దూరనే లేదు. నట్టు బిగించేటప్పుడు లోపలి స్క్రూ కూడా దాంతోపాటు తిరిగింది, నేను మళ్లీ కొలవలేదు. అది సరిచేసేసరికి ఇంజను బుద్ధిమంతురాలిలా నడిచింది. కాగితం ఇక లోపలికి వెళ్లలేదు. 'నాలుగుది సర్దేటప్పుడు ఏది దిగి ఉండాలి?' అని బాబాయ్ మా అమ్మాయిని అడిగాడు. 'ఐదు, తాతయ్యా' అంది అది గట్టిగా అరిచి.

ఫ్యాక్టరీ ఉన్న చోట

మొన్న వేసవిలో ఓ ఆదివారం బయలుదేరాం. లేత నీలం కారులో నేనూ మా అమ్మాయీ. వెనక మామూలు కారులో మా ఆవిడ, పానాల పెట్టె, పులిహోర. ఎక్కడ ఆగిపోయినా కాపాడే బాధ్యత తనది. గోధుమ చేల మధ్య మెలికలు తిరిగే రోడ్డు. ఎంజీబీలో మనిషి రోడ్డుకి జానెడు ఎత్తులో కూర్చున్నట్టుంటుంది. అరవై కిలోమీటర్ల వేగం కూడా నూట ఇరవైలా అనిపిస్తుంది. పక్కనుంచి వెళ్లేవాళ్లు చేతులూపుతారు. పదమూడేళ్ల పిల్లకి తండ్రితో కలిసి వెళ్లడం గర్వంగా ఉండటం అరుదు. ఆ గంటసేపు మాత్రం ఉంది.

అబింగ్‌డన్ ఆక్స్‌ఫర్డ్‌కి దక్షిణాన థేమ్స్ ఒడ్డున ఉన్న ముచ్చటైన ఊరు. ఎంజీ అంటే 'మోరిస్ గ్యారేజెస్'. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ పెట్టిన కార్ల దుకాణం అది. అక్కడ మేనేజరుగా ఉన్న సెసిల్ కింబర్ మామూలు మోరిస్ కార్లకి సొగసైన బాడీలు కట్టి అమ్మడం మొదలుపెట్టాడు. గిరాకీ పెరిగి, 1929లో ఈ ఊరికి మారారు. అర్ధశతాబ్దంలో ఇక్కణ్నుంచి వెళ్లిన కార్లు సుమారు 11 లక్షలు. అందులో ఎంజీబీ కుటుంబానివే 5 లక్షల పైచిలుకు. ఎక్కువ భాగం అమెరికాకే. తమాషా ఏమిటంటే, ఇంత పెద్ద ఫ్యాక్టరీలో కార్లని ముందుకు నడిపే యంత్రం లేదు. వరసలో ఒక చోటు నుంచి ఇంకో చోటుకి చేత్తో తోసేవాళ్లు.

1979 సెప్టెంబరులో ఎంజీ వచ్చి యాభై ఏళ్లయిందని ఊరంతా పండగ చేసుకుంది. పండగ అయిన మర్నాడే, సోమవారం, ఫ్యాక్టరీలో ఎంజీల తయారీ ఆపేస్తున్నట్టు యాజమాన్యం ప్రకటించింది. పౌండు విలువ పెరిగి అమెరికా అమ్మకాల మీద నష్టం వస్తోందన్నారు. 1980 అక్టోబరులో తలుపులు మూశారు. వెయ్యి మందికి పైగా రోడ్డున పడ్డారు. పేరు మాత్రం చేతులు మారి మారి చైనా కంపెనీకి చేరింది. 2019 నుంచి మన రోడ్ల మీద తిరుగుతున్న ఎంజీ హెక్టర్ ముందున్న ఎనిమిది పలకల గుర్తు ఇక్కడిదే.

ఫ్యాక్టరీ కోసం వెతికితే ఆఫీసు భవనాలు, పార్కింగులు కనిపించాయి. సెమెట్రీ రోడ్డులో ఎంజీ కార్ క్లబ్ వాళ్ల కింబర్ హౌస్ ఉంది. దాని ముందు కారు ఆపి ఫొటో తీసుకున్నాం. ఊరి నడుమ, పదిహేడో శతాబ్దంలో కట్టిన కౌంటీ హాల్‌లో ఇప్పుడు మ్యూజియం. మేడ మీద గదిలో ఓ ఎంజీబీని నిలబెట్టారు. దాని తలుపు సందులు ఎలా ఉన్నాయా అని వంగి చూశాను. కాపలా ఆవిడ అనుమానంగా చూస్తే నిటారుగా నిలబడ్డాను.

కిందికొచ్చేసరికి మా కారు చుట్టూ ఓ ముసలాయన తిరుగుతున్నాడు. చేతికర్ర, తలమీద టోపీ. ముందు చక్రం తట్టాడు. బానెట్ నిమిరాడు. ఎడమ తలుపు దగ్గర ఆగి సందులో వేలు పెట్టి చూశాడు. నా ముఖం వాడిపోయింది.

'ఈ సందు కొంచెం ఎక్కువుంది' అన్నాడు.

'అవునండీ, మూడుసార్లు ప్రయత్నించాను' అన్నాను.

'ఎందుకూ? మేం చేసినప్పుడూ ఇలాగే ఉండేవి' అని, పదహారో ఏట చేరి మూతపడే దాకా ఇక్కడే కార్లు తోశానని చెప్పాడు. ఈ కారు నాటికి తాను బడికెళ్లే పిల్లాడిననీ, తోసింది తను కాకపోయినా తన పెద్దన్న అయి ఉండొచ్చనీ అన్నాడు. కూర్చుంటారా అని అడిగాను. మోకాళ్లు ఒప్పుకోవన్నాడు. స్టీరింగ్ మీద కాసేపు చెయ్యి వేసి ఉంచి వెళ్లిపోయాడు.

నది ఒడ్డున పులిహోర తింటూ బాబాయ్‌కి వీడియో కాల్ చేశాం. కారు నాలుగువైపులా చూపించాం. కింద నల్లగా చుక్క పడుతుంటే ఆయనే కనిపెట్టాడు.

'ఆయిల్ కారుతోందేంట్రా?'

'కొంచెం బాబాయ్.'

'మన బండి కూడా అంతేగా. కారితే లోపల ఉన్నట్టు లెక్క.' తర్వాత అడిగాడు, 'మన అంబాసిడర్‌కి మూలం ఏదో ఇంగ్లండ్ కారంటారే, అది ఎక్కడ చేశార్రా?'

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనీ, ఆక్స్‌ఫర్డ్ పక్కన కౌలీలో చేశారనీ కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫోన్ ముందు పట్టుకుంది మా అమ్మాయి.

'మీరున్న చోటికి ఎంత దూరం?'

మా అమ్మాయి పది వేళ్లూ చూపించింది.

'పది కిలోమీటర్లా! మరింకా కూర్చున్నారేం?'

మా ఆవిడ గడియారం చూసుకుంది. సాయంత్రం ఐదు. లైట్ల మీద నాకింకా పూర్తి నమ్మకం లేదు. పులిహోర డబ్బా మూతపెట్టి, తన కారు తాళాలు తీసుకుని, 'ముందు నువ్వు పద' అంది.